ఆకాశము చెఱచిన పడవ

కోరంగి ఏటిగట్టున కట్టి, కప్పు లేక రెండు వానకాలములు మఱచిన నాటుపడవను కడుగబూనువారెల్లరును మొట్టమొదట నీరు తాకు అంచునగల నాచుమీదికే కొబ్బరిపీచుతో లంఘింతురు. నాకు మాత్రము ఆ పచ్చని పాకుడుకంటె లోపలి అడ్డకఱ్ఱల మూలలందు నల్లని చుక్కలుగా పట్టిన బూజే విచారింపదగినదిగా తోచును. ఏలయన, కొయ్యను కుళ్ళించు శిలీంధ్రములకు ఉప్పునీరు అంతగా గిట్టదు. పడవను చెఱచునది పైనుండి పడి, పోవుటకు దారిలేక, పలకల సందులలో నిలిచిన వాననీరే. కొయ్యలోని తేమ నూటికి సుమారు 20 పాళ్లు దాటిననే గాని ఆ కుళ్ళు పుట్టదు. ఆ నల్లని బూజు అట్టి తేమ నిలిచిన చోటును చూపు గుర్తు. కావున ఆ మరకలను తుడువకమునుపే సుద్దముక్కతో చుట్టును గీచి, పడవవారు నవ్విన నవ్వుదురు గాక, ఒక్కొక్క చోట మేకు మొనతో గ్రుచ్చి చూడవలెనని నా మతము: మొన ఆగినచో మురికి, మెత్తగా దిగబడినచో పలక మార్చవలసినదే. పిమ్మట సబ్బునీటితో, కొయ్య పోగు వెంబడిని, నెమ్మదిగా రుద్దిన చాలును. బ్లీచింగు పొడి మరకను తెల్లబఱచునే గాని కొయ్యలోనికి చొచ్చిన బూజును చంపజాలదు. ఇక రంగుపూతకు తొందరపడుట తేమను లోపల బంధించుటయే యగును. ముందుగా పడవను నీడపట్టున గాలికి ఆఱనీయవలెను, తీవ్రమైన ఎండలో పలకలు నెఱియలు విచ్చును.