బెల్లం ప్రమాణం పెనం దగ్గరే మొదలు కావాలి

కృష్ణా డెల్టాలోని పామిడిముక్కల, ఉయ్యూరు పరిసరాలలో చక్కెర మిల్లుకు చేరని చెరకుకు బెల్లం తయారీయే ప్రత్యామ్నాయం. అయితే మార్కెట్టులో బెల్లం ధరను నిర్ణయించేది ప్రధానంగా రంగే. లేత పసుపు దిమ్మకు ఉన్న గిరాకీ ముదురు దిమ్మకు ఉండదు. ఈ ధర వ్యత్యాసమే తయారీదారును హైడ్రోస్ వైపు నడిపిస్తున్నది.

ఆహార సంకలితాల ప్రమాణానికి రెండు పార్శ్వాలు ఉంటాయి. మనిషి ఎంత తింటే హాని లేదో తెలిపేది భద్రత. కలిపే పదార్థంలో సీసం, సెలీనియం వంటి మలినాలు ఎంత మించరాదో తెలిపేది శుద్ధత. భారత ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనలు (2011) బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం మించరాదని చెబుతున్నాయి. శుద్ధికి వాడే వంటసోడా ఫుడ్‌గ్రేడ్‌దై ఉండాలని కూడా నిర్దేశిస్తున్నాయి.

ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓల ఉమ్మడి నిపుణుల సంఘం సల్ఫర్ డయాక్సైడ్‌కు నిర్ణయించిన దైనిక పరిమితి కిలో శరీర బరువుకు 0.7 మి.గ్రా. ఆ లెక్కన 10 కిలోల బిడ్డకు 7 మి.గ్రా. 70 పీపీఎం ఉన్న బెల్లం 100 గ్రాములలో ఉండేదీ అంతే. అదే బెల్లంలో 210 పీపీఎం ఉంటే 33 గ్రాములకే పరిమితి పూర్తవుతుంది. ఎండు పండ్ల వంటి ఇతర ఆహారాల ద్వారా చేరేది దీనికి అదనం. ఉబ్బస రోగులలో కొందరికి సల్ఫైట్లు అసలే పడవు.

అసలు లోపం మరొకటి ఉంది. అవశేషాన్ని కొలిచే పరీక్ష, పెనంలో వేసినది ఏ పదార్థమో, ఎంత శుద్ధమైనదో చెప్పలేదు. కోడెక్స్ సల్ఫైట్ల వర్గంలో సోడియం మెటాబైసల్ఫైట్ వంటివి ఉన్నాయి. సోడియం హైడ్రోసల్ఫైట్, అంటే హైడ్రోస్, లేదు. అది బట్టల అద్దకంలో వాడే రసాయనం. పైగా దానితో తేలిన రంగు నిలవలో మళ్లీ ముదురుతుంది.

ఇందుకు రైతును మాత్రమే నిందించడం న్యాయం కాదు. సున్నపు తేటతో రసపు ఆమ్లత్వాన్ని సరిచేసి, బెండ జిగురుతో మడ్డిని తేల్చి, ఎప్పటికప్పుడు తీసివేస్తే రసాయనం లేకుండానే మంచి బెల్లం వస్తుంది. అయితే అది పసిడి వన్నెలో ఉండకపోవచ్చు. ఆ కొద్దిపాటి ముదురు రంగుకు రైతు నష్టపోతున్నంత కాలం ఏ శిక్షణా నిలువదు.

కాబట్టి విస్తరణ కృషి రెండు చోట్ల జరగాలి. ఉయ్యూరు చెరకు పరిశోధన స్థానం, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు బట్టీల వద్దనే శుద్ధి పద్ధతులను ప్రదర్శించి, నమూనాల పరీక్షకు దారి చూపాలి. మార్కెట్టులో రంగును బట్టి కాక సుక్రోజు, తేమ, సల్ఫర్ డయాక్సైడ్ అంకెలను బట్టి శ్రేణీకరణ జరగాలి. కొనేవాడు అంకెను అడిగిన నాడే పెనం దగ్గర హైడ్రోస్ చెంచా ఆగుతుంది.