గని పేరు లేని చీటీ

పోయిన ఆదివారం జమ్మలమడుగు పోయి పెదనాయనను చూసి వచ్చినప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు. పాతికేళ్లు నాపరాయి గనుల్లో పనిచేసిన మనిషి. మంచం మీద మోకాళ్లకు చేతులు ఊతం పెట్టుకుని, ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మూత తీయకుండా గూట్లో పడి ఉంది. "అది మొదలుపెడితే ఇంక సచ్చేదాకా వదల్దంట నాయనా" అన్నాడు. దిండు కింద మాత్రం కాగితం పొట్లంలో తెల్ల మాత్రలు. ఊళ్లో సూదులేసే ఆయన ఇచ్చినాడట. ఆరు నెలలుగా అవే.

ఆ మాత్రలు ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చర్మం పలచబడి తాకితే కందుతోంది, ఎన్నడూ లేని షుగరు వచ్చింది. ఎముకలు గుల్లబారడం, శుక్లాలు వెనకాల కాచుకుని ఉంటాయి. ఒక్కసారిగా మానేయడానికీ లేదు. బయటినుంచి అందుతుంటే ఒంట్లో ఆ హార్మోన్ చేసే గ్రంథులు పని మరిచిపోతాయి. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి.

ఆయాసం ముదిరినప్పుడు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు వాడితే అది మంచి మందే. 5 రోజుల మందును నెలల తరబడి మింగించేవాళ్ల మీదే నా కోపం. ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక పీల్పుకు 200 మైక్రోగ్రాములు. 10 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి 10,000 మైక్రోగ్రాములు. బరువులో యాభై పీల్పులు! దేనికి భయపడాలి? ఇన్‌హేలర్‌కూ ఇబ్బందులున్నాయి: గొంతు బొంగురు, నాలుక మీద తెల్లపూత, కొందరికి నిమ్ము, అందులో కలిసే రెండో మందుతో చేతివణుకు, గుండెదడ. పీల్చగానే పుక్కిలించి ఉమ్మేస్తే బొంగురు, పూత చాలామటుకు తగ్గుతాయి. ఈ ఒక్క ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రొద్దుటూరులో గ్రాము బంగారం కొన్నా కూర్చోబెట్టి వివరంగా చూపిస్తారు. ఊపిరి వదిలి, మెల్లగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలని రెండు నిమిషాలు చూపించే మనిషి మందుల అంగట్లో ఉండడా?

ఇంకోటి. ఎక్కడికి పోయినా "బీడీ తాగుతావా" అని అడిగినారట గానీ, "ఏం పని చేసినావు" అని ఒక్కరూ అడగలేదట. కడప సీమలో మొదట అడగాల్సింది అదే. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో రాతినార (ఆస్‌బెస్టాస్) తవ్వినారు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు, మంగంపేటలో ముగ్గురాయి. రాతినారకు కొత్త లీజులు వద్దని కేంద్రం 1986లోనే చెప్పింది, కానీ ఆ నార ఊపిరితిత్తుల్లో ఇరవై ముప్పై ఏళ్లు నక్కి ఉండి లేస్తుంది. అప్పటి కూలీలు ఇప్పుడు ముసలివాళ్లు. గని కార్మికుడికి రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఉన్నట్టు తేలితే వైద్యుడు గనుల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలని 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 25వ సెక్షన్ చెప్పింది. పెదనాయన చీటీలన్నీ తిరగేశాను. సీఓపీడీ, అంటే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు అని ఉంది. గని అన్న మాట ఎక్కడా లేదు.

వచ్చే సోమవారం ఎక్స్‌రేకు నేనే తోడుపోతున్నాను. డాక్టరు అడిగినా అడగకపోయినా ఏ గనిలో, ఏ పని, ఎన్నేళ్లు అనేది చీటీలో రాయించే వస్తాను.