ఆఫీసు వేళ దాటాక

ఉద్యోగంలో చేరినా కాలేజీ నాటి బాస్కెట్‌బాల్ ఆటను వదులుకోలేని కుర్రకారుకు ఈ సంచికను కేటాయించాం. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక రాజుపాలెం లాంటి పల్లెల్లో ఊళ్లోనే ఆఫీసు ఉద్యోగాలు వచ్చాయి. పింఛన్లు, సర్వేలు, హాజరు... ఆటకు మిగిలేది తెల్లవారుజామే. అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ రాత్రి మ్యాచ్‌లూ మనకు ఆ వేళకే వస్తాయి. అక్కడి మార్చి పోటీల్లో 68 జట్లు. ఒక్కసారి ఓడితే ఇంటికే! 1891లో నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పండ్ల బుట్టలు కట్టి మొదలుపెట్టిన ఆటకు పెద్ద ఖర్చేం కావాలి? అయినా క్రికెట్‌కు దొరికే చోటు మన పల్లెల్లో దీనికి దొరకదు. ఇది మా ఫిర్యాదే అనుకోండి. ఈ సంచికలోని రచనలన్నీ ఆటను వదులుకోలేని ఆ ఆరాటం చుట్టూనే తిరుగుతాయి. మీ కాలేజీ జట్టు ముచ్చట్లు మాకు రాసి పంపండి.