పంతులమ్మ యలసట



ఈ మాసము నా యొద్దకు వచ్చిన తగవు గ్రంథములలోనిది కాదు. మా వీధి యరుగు మీద పుట్టినది. మాది రాయచోటి. వీరభద్రస్వామి వెలసిన యూరు, మాండవ్యనది యొడ్డున నున్న యూరు. నది యనుటయే గాని సంవత్సరములో పెక్కు మాసములు దానియందు ఇసుకయే కనిపించును. ఏప్రిల్ మాసము వచ్చెనా, పగలు పది గంటలకే యరుగులు కాలుట మొదలిడును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట మా వీధి స్త్రీలు విత్తనపు చెనక్కాయలు చేటలలో పోసికొని యొలుచుచు ఆ యరుగుల మీద చేరుదురు. ఊరి మంచిచెడ్డలన్నియు నచ్చటనే తేలును.

బడులకు వేసవి సెలవులిచ్చిన నాటి సాయంకాలము మా పొరుగింటి పంతులమ్మ బస్సు దిగి వచ్చి, చేతిసంచి ప్రక్కన బెట్టి, అరుగు మీద చతికిలబడినది. ఆమె పది కోసుల దూరములోని యొక పల్లెలో ఉన్నత పాఠశాలయందు పనిచేయుచున్నది.

"అబ్బా, ఇంక నా వల్ల గాదక్కా! ఈ యేడు ప్రాణం తోడేసినట్టుంది. మా పనిలో ఉండే అలసట ఇంక యే పనిలోనూ ఉండదు" అని యామె నాతో ననినది.

చెనక్కాయలొలుచుచున్న యెదురింటి యత్త తలయెత్తినది. "నీకేమమ్మా! నెలన్నర సెలవు. కూసున్న చోటికే జీతం వస్తాది. ఎండలో గడ్డపార పట్టుకోని చూడు, అలసటంటే ఏందో తెలుస్తాది" అనినది.

పంతులమ్మ మారు పలుకలేదు. సంచి తీసికొని యింటిలోనికి వెడలిపోయినది. అరుగు మీద నున్నవారందరు నా వైపు చూచి, "నువ్వు పత్రికల్లో రాస్తావు గదా, చెప్పు, ఎవురిది న్యాయం?" అని యడిగిరి. నే నప్పటికప్పుడు చెప్పజాలక, ఆలోచించి చెప్పెదనంటిని. ఆ యాలోచనయే ఈ లేఖ.

మొదట నత్త పక్షమున చెప్పవలసినది చెప్పెదను. ఆమెకు అరువదియేండ్లు దాటినవి. పంతులమ్మకు సెలవులిచ్చు మాసములలోనే యత్తకు కరవుపని దొరకును. తెల్లవారకముందే గంపయు పారయు దీసికొని చెఱువు పూడిక తీయబోవును. 2024-25వ సంవత్సరమున మన రాష్ట్రములో ఆ పనికి నిర్ణయించిన కూలి దినమునకు 300 రూపాయలు. అదియు కొలతకు తగినంత మట్టి తీసినప్పుడే. పని లేని దినమున కూలి లేదు. జ్వరము వచ్చిన దినమున కూలి లేదు.

ఆమె కూతురు కువైటులో నొక యింట పనిమనిషి. మా రాయచోటి ప్రాంతపు స్త్రీలు వందలకొలదిగ నట్లు పోయి, పరాయి బిడ్డల కన్నము పెట్టి, తమ బిడ్డలను తల్లుల యొద్ద విడిచినారు. ఆ దేశమువారు 2015లో నింటిపనివారి కొఱకు నొక శాసనము చేసిరి. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొకనాడు విశ్రాంతి యనియు, ఏడాదికి ముప్పది దినముల సెలవనియు దానిలో నున్నది. కాని తలుపు మూసిన యింటిలో శాసనము చదివి వినిపించు వారెవరు? అత్త కూతురు ఆరేండ్లలో రెండుసారులు మాత్రమే యింటికి వచ్చినది.

అంత దూరమేల? పంతులమ్మ పనిచేయు బడులలోనే చూడుడు. బిడ్డలకు మధ్యాహ్న భోజనము వండు స్త్రీలున్నారు. వారి గౌరవవేతనము 2019లో 1000 రూపాయల నుండి 3000 రూపాయలకు పెంచబడినది. నెలకు సుమా! బడి మూసిన మాసములలో వారి సంగతి యడుగువారు తక్కువ. అంగన్వాడీ కార్యకర్త లున్నారు. నెలకు 11,500 రూపాయలు చాలవని వారు 2023 డిసెంబరు 12వ తేదీ మొదలు నలువదిరెండు దినములు సమ్మె చేసి యెండలో రోడ్ల మీద కూర్చుండిరి. మూడేండ్ల బిడ్డకు మొదటి యక్షరము నోట పలికించునది వారే. వారిని పంతులమ్మలని పిలుచువారున్నారు గాని యా జీతమిచ్చువారు లేరు.

కావున, ప్రభుత్వోద్యోగములో నున్న యుపాధ్యాయిని "మా యలసట వంటిది వేఱొకటి లేదు" అనుట తప్పే. నెల తిరుగగానే చేతికి వచ్చు జీతము, సెలవు పెట్టుకొను హక్కు, ఇవి యలసటను సగము తీర్చు మందులు. అత్త యలసటకు ఆ మందు లేదు.

ఇక పంతులమ్మ పక్షము. "బతకలేక బడిపంతులు" అను సామెత మనలో నెంత పాతదో యెఱుగుదురు గదా. ఈ దత్తమండలములను 1800 మొదలు ఏడేండ్లు పాలించిన థామస్ మన్రో, తరువాత మదరాసు గవర్నరై, దేశములోని బడుల లెక్కలు తెప్పించెను. ఉపాధ్యాయులకు నెలకు ఆరేడు రూపాయల కంటె నెక్కువ రాదనియు, ఆ మాత్రపు రాబడికి యోగ్యులైన వారు ఈ వృత్తిలోనికి రారనియు 1826లో నతడు వ్రాసియుంచెను. ఆ కాలము గడచినది. ప్రభుత్వపు బడులలో జీతములు పెరిగినవి. కాని సామెత మాత్రము మన నోటినుండి పోలేదు. జీతము తక్కువయినప్పుడు బ్రతుకలేనివాడని నవ్వితిమి. జీతము పెరిగినప్పుడు కూర్చుండి తినుచున్నాడని యీర్ష్యపడుచున్నాము.

అందును ప్రైవేటు బడులలో పనిచేయు పడుచుల స్థితి వేఱు. పెక్కు చోట్ల వారికి వేసవి నెలల జీతమే లేదు. 2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు మన రెండు రాష్ట్రములలోను ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు కూరగాయలమ్మిరి, ఉపాధి పనికి పోయి మట్టి మోసిరి. 2021 ఏప్రిల్ లో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2000 రూపాయలును 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొనినదనిన, వారి యవస్థ యెట్టిదో యూహింపుడు. అత్తయు పంతులమ్మయు నొకే చెఱువులో గంప మోసిన దినములవి.

పని యెంత యందురా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమికోన్నత తరగతులు ఏడాదికి 220 దినములు నడువవలెను. ఉపాధ్యాయుడు పాఠమునకు సిద్ధపడు కాలముతో గూడ వారమునకు 45 గంటలు పనిచేయవలెను. అరువదిమంది పిల్లలలోపు చిన్న బడికైనను ఇద్దరు పంతుళ్లుండవలెనని యదే చట్టము చెప్పుచున్నది. అయినను 2024-25 లెక్కలలో ఒక్క పంతులుతోనే నడుచు బడులు దేశమున లక్షకు పైగా, మన రాష్ట్రమున పండ్రెండువేలకు పైగా తేలినవి. అట్టి బడిలో నొక్కతెయే యైదు తరగతులకు పాఠము చెప్పవలెను, భోజనము చూడవలెను, లెక్కలు వ్రాయవలెను. ఆమెకు జ్వరము వచ్చినచో బడికే జ్వరము వచ్చినట్లు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు వచ్చినప్పుడు ఆ పనులును వీరివే యని చట్టమే యనుమతించినది. మార్చి నడుమనుండి యొంటిపూట బళ్లు; పదవ తరగతి పరీక్షలు; ఏప్రిల్ లో జవాబుపత్రములు దిద్దుట. ఇది సంవత్సరాంతపు పని.

కాని గంటలు లెక్కించిన మాత్రమున ఈ యలసట తెలియదు. గడ్డపార పట్టిన చేయి నొచ్చును. రాత్రి నిద్రపోయిన కొంత తీరును. నలువదిమంది బిడ్డల యెదుట నిలుచుండు మనస్సు వేఱు విధముగ నొచ్చును. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అను సామాజిక శాస్త్రజ్ఞురాలు విమానములలో పరిచర్య చేయు స్త్రీల పనిని పరిశీలించి 1983లో నొక గ్రంథము ప్రకటించెను. లోపల నెట్లున్నను ముఖమున శాంతము నిలుపుకొనుట కూడ నొక శ్రమయే యనియు, జీతమిచ్చువారు దానిని గూడ కొనుచున్నారనియు నామె చూపెను. పంతులమ్మ శ్రమలో సగము ఇదే. ఇంట బిడ్డకు జ్వరముండగా బడిలో నవ్వుచు పద్యము చెప్పవలెను. కువైటులో పనిమనిషి శ్రమలోను ఇది యున్నదని మఱువకుడు.

దీనికి తోడు భయ మొకటి. 2024 డిసెంబరులో మా యూరి ప్రభుత్వ పాఠశాల యొకదానిలో అల్లరిని మందలింపబోయిన యుపాధ్యాయు డొకడు, ఆ గొడవ పిమ్మట బడిలోనే కుప్పకూలి ప్రాణములు విడిచెను. విద్యార్థుల దాడియే కారణమని యతని కుటుంబమువారు ఫిర్యాదు చేసిరి. అది మొదలు మా వీధి పంతులమ్మ భర్త, ఆమె సాయంకాలపు బస్సు దిగువఱకు వాకిటనే నిలుచుచున్నాడు.

ఇంతవఱకు రెండు పక్షములును తూచితిని. అయినను తీర్పు చెప్పుటకు మనస్కరింపక మఱునాడు పంతులమ్మ యింటికి పోయితిని. సెలవుల మొదటి దినము గదా, పరుండియుండునని తలచితిని. ఆమె వంటయింటి గడప మీద కూర్చుండి, కూర తరుగుచు, ప్రక్కన నొక కాగితము పెట్టుకొని చూచుచున్నది. దానిమీద తొమ్మిదవ తరగతి బాలికల పేర్లున్నవి. కొన్నిటి కెదుట ఎఱ్ఱసిరాతో చుక్కలున్నవి.

"ఇవేమి?" అంటిని.

"జూన్ లో వస్తారో రారో తెలియని వాళ్లక్కా. పోయినేడు నలుగురికి చుక్కలు పెట్టినా. ముగ్గురు రాలేదు. ఇద్దరికి మే నెలలోనే పెండ్లి చేసేసినారు. నేను సెలవుల్లో పుట్టింటికి పోయింటి. పోకుండా ఉండింటే ఒకరినన్నా ఆపుకోని ఉందునేమో" అనినది.

సోదరీమణులారా, ఆమె యలసట యెక్కడిదో నా కప్పుడు తెలిసినది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనదని తేలినది. ఆ సంఖ్య మనకు లెక్క; పంతులమ్మకు మాత్రము ఎఱ్ఱ చుక్క. పది నెలలు పెంచిన పైరును వేసవి గాలికి వదలి వచ్చిన కాపువాని దిగులు ఆమెది.

ఆ చుక్కలలో నొకటి యెదురింటి యత్త మనుమరాలి పేరున కెదుట నున్నది. పిల్ల తల్లి కువైటులో, అవ్వ యొంటరిది, మంచి సంబంధము వచ్చినదని బంధువులు తొందరపెట్టుచున్నారు. ఈ సంగతి నాకు తెలియదు. పంతులమ్మకు తెలియును. తెలిసియు, క్రిందటి సాయంకాలము ఆ మాట లనిపించుకొని, మారు పలుకక పోయినది.

ఇక నాకు తోచిన తీర్పు వినుడు. జాలి యనునది చౌకదుకాణపు బియ్యము కాదు. ఒకరికి కొలిచినంత మాత్రమున నింకొకరికి తరుగదు. ఇద్దరును అలసినవారే. కాని యలసటలు రెండును సమానమని చెప్పి తప్పించుకొనను. కూలిది కడుపుతో ముడిపడినది. దానికి కావలసినది న్యాయమైన కూలి, పనిచోట నీడ, నీరు. వంటమనిషికి కావలసినది బ్రతుకుటకు చాలు వేతనము. పంతులమ్మకు కావలసినది జీతము కంటె తోడు: బడిలో నింకొక పంతులు, బడికి సంబంధింపని పనుల తగ్గింపు, ఇంటిలో చేతిసాయము. సెలవులు వచ్చినవని చుట్టములను పిలిచి నెలన్నరయు నామెచేత వండించు కుటుంబము లనేకము. అట్టి యిండ్లలో సెలవు బడికే గాని పంతులమ్మకు కాదు. మొదటి పది దినములైన నామెను కూర్చుండనిండు.

పంతులమ్మలకును ఒక మాట. మీ యలసటను దాచుకొననక్కరలేదు. కాని ఇతరుల యలసటతో పోల్చి చెప్పకుడు. "అలసితిని" అన్నచో ప్రక్కవారు మజ్జిగ యిత్తురు. "మీకంటె నెక్కువగ నలసితిని" అన్నచో వారు తమ చేతుల కాయలు చూపుదురు.

ఈ మాటలే నేను అరుగు మీద చెప్పితిని. చుక్కల కాగితపు సంగతి యత్త చెవిలో మాత్రమే చెప్పితిని. ఆమె చాలసేపు చెనక్కాయలొలుచుచు నూరకుండెను. మఱునాటి మధ్యాహ్నము సంగటి ముద్దయు, గిన్నెలో చెనక్కాయల యూరుబిండియు బట్టి, మనుమరాలిని వెంటబెట్టుకొని పంతులమ్మ వాకిట నిలిచినది. లోపలికి రమ్మన్నను రాలేదు. గిన్నె చేతికిచ్చి ఒక్కటే యడిగినది.

"బడి తెరిచేది జూన్ పన్నెండో తేదీనే గదమ్మా?"