రేడియోధార్మికత - మన విద్యార్థులు

విజ్ఞానశాస్త్రం పురోగమించినంత వేగంగా దానిని గురించిన అవగాహన ప్రజలలో వ్యాపించకపోవడం మన కాలపు విచిత్రాలలో ఒకటి. ఇది పుస్తకాలు చూసి చెబుతున్న మాట కాదు. మా వీధిలో అందరం ‘ఖాలా’ అని పిలుచుకునే ఒక పెద్దావిడకు క్యాన్సరు వ్యాధి రాగా ఆసుపత్రిలో ‘కరెంటు పెట్టారు’. ఇంటికి వచ్చిన ఆమెకు వేరు పళ్లెం, వేరు గ్లాసు ఏర్పాటయ్యాయి. మనుమలను దరికి రానీయలేదు. ఈ కట్టడి చేసినవాడు కళాశాలలో సైన్సు చదివిన ఆమె కుమారుడే! “ఆ కిరణాలు అమ్మీ ఒంట్లోనే ఉంటాయి కద, సార్?” అని అతడు నన్నడిగాడు.

నేను భాషాబోధకుణ్ణి. భౌతికశాస్త్రం బోధించే మిత్రుని ఆశ్రయించి గ్రహించిన నాలుగు విషయాలు ఇక్కడ విన్నవిస్తున్నాను.

చిక్కు మాటలోనే ఆరంభమవుతుంది. ‘ధార్మికత’ అనగానే మన విద్యార్థులకు దానధర్మాలు స్ఫురిస్తాయి. ఇక్కడ ధర్మమంటే స్వభావం. దహించడం అగ్నికి ధర్మమైనట్లు, బాహ్యప్రేరణ ఏదీ లేకుండానే కిరణాలను వెలువరించడం యురేనియం, రేడియం వంటి మూలకాల పరమాణు కేంద్రకాలకు ధర్మం. ఉర్దూలో దీనిని ‘తాబ్‌కారీ’ అంటారు. ‘తాబ్’ అంటే వెలుగు, వేడిమి.

1896 ఫిబ్రవరి నెలాఖరున పారిస్‌లో ఆకాశం మేఘావృతమై ఉండగా హెన్రీ బెకరెల్ నల్లకాగితంలో చుట్టిన ఫోటో పలకను, యురేనియం లవణంతో సహా, సొరుగులో ఉంచాడు. ఎండ తగలకుండానే పలకపై ముద్ర పడింది! 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియంలను కనుగొన్నారు. ఈ కిరణాలు ముఖ్యంగా మూడు విధాలు. ఆల్ఫా కణాలను కాగితం ఆపుతుంది; బీటా కణాలను కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు ఆపుతుంది; గామా కిరణాల తీవ్రతను తగ్గించడానికి మందమైన సీసమో, కాంక్రీటు గోడో కావాలి.

ఇక అర్ధాయువు. అష్టాచెమ్మా ఆడే నూరు చింతపిక్కల బద్దలను విసరండి. తెల్లగా పడినవాటిని తీసివేసి మిగిలినవాటిని మళ్లీ విసరండి. ప్రతిసారీ సుమారు సగం తొలగుతాయనుకుందాం. ఏ బద్ద ఎప్పుడు తొలగేదీ ఎవరూ చెప్పలేరు. సగం తొలగడం మాత్రం నియమం. కేంద్రకాల తీరూ అంతే. సగం క్షీణించడానికి పట్టే కాలం అయోడిన్-131కు 8 రోజులు. కార్బన్-14కు సుమారు 5,730 సంవత్సరాలు. యురేనియం-238కు దాదాపు 450 కోట్ల సంవత్సరాలు.

ఈ కిరణాల వలన ప్రమాదం లేదని నేననను. తగిన రక్షణ లేకుండా ఏళ్ల తరబడి వాటి మధ్య పనిచేసిన మేరీ క్యూరీ 1934లో రక్తక్షీణతతో మరణించింది. అయితే కిరణం సోకడం వేరు, కిరణాలనిచ్చే పదార్థం శరీరంలో చేరడం వేరు. దీపపు వెలుగు పడిన గోడ దీపం కాజాలదు. బయటి యంత్రంతో కిరణచికిత్స పొందిన రోగి నుండి ఇతరులకు ఏ కిరణాలూ రావు. థైరాయిడ్ చికిత్సకై అయోడిన్-131 పుచ్చుకున్నవారు మాత్రం, ఆ పదార్థం శరీరంలో ఉన్నందున, కొన్నాళ్లపాటు వైద్యులు చెప్పిన దూరం పాటించాలి. ఖాలాకు జరిగినది మొదటి తరహా చికిత్సేనని డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాం. ఆ రాత్రే వేరు పళ్లెం కనుమరుగైంది. మనుమడు ఆమె ఒడిలో నిద్రపోయాడు.

ఆ కుమారుడు పరీక్షలో అర్ధాయువు సూత్రాన్ని తప్పులేకుండా వ్రాసినవాడే. లోపం అతనిది కాదు. సూత్రాన్ని జీవితంతో ముడిపెట్టని మన బోధనది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో విజ్ఞానశాస్త్రాలను బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యగ్రంథాలను వెలువరించింది. కాబట్టి మన భాషలకు శక్తి చాలదనడం సబబు కాదు. మాసానికి ఒక సాయంత్రం సైన్సు అధ్యాపకులూ, భాషాధ్యాపకులూ కలిసి ఉభయ భాషలలో ప్రసంగాలు చేసే ఏర్పాటును కళాశాల కమిటీ పెద్దలు పరిశీలించాలని మనవి. తల్లిదండ్రులను కూడా ఆహ్వానించాలి.

విద్యార్థులారా! మీరు నేర్చిన పాఠాన్ని ఇంటిలో అమ్మకు అర్థమయ్యేటట్లు ఆమె భాషలో చెప్పి చూడండి. చెప్పగలిగితేనే ఆ పాఠం మీకు వచ్చినట్లు.