గృహారోగ్యము: మూలకణ చికిత్సకై నగలు కుదువ పెట్టవచ్చునా?



తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఒక యింటిని తలచుకొనుడు. చిరకాలము చుట్ట కాల్చిన మామగారో, సరుగుడు కట్టెలతో, తాటిమట్టలతో పొయ్యి యూదిన అత్తగారో నాలుగడుగులు వేసినంతనే రొప్పుచుందురు. ఉబ్బసమని మనమనుకొను ఈ వ్యాధి పలుమారు ఉబ్బసము కాదు. వైద్యులు దీనిని సి.ఓ.పి.డి. యందురు. అట్టి యింటివారికి ఎవరో యొక మాట చెప్పుదురు: "రోగి మూలుగనుండియో క్రొవ్వునుండియో మూలకణములు తీసి, మరల ఆయనకే యెక్కించిన ఊపిరితిత్తులు క్రొత్తవగును." వెంటనే నగలు కుదువ పెట్టుటయా, పొలమమ్ముటయా యని తర్జనభర్జన మొదలగును. ఇల్లాలు నోరు విప్పవలసిన సమయమిదియే.

మన ఊపిరితిత్తులలో సుమారు 30 కోట్లకు పైగా సన్నని గాలితిత్తులు కలవు. ఏండ్ల తరబడి పొగ తగులగా వాని గోడలు చిరిగిపోవును, గాలిగొట్టములు వాచి యిరుకగును. చిరిగిన గోడలను తిరిగి కట్టు మందు నేటివరకు లేదు.

మూలకణములు మిథ్య కావు. మూలుగమార్పిడికి దారి చూపిన అమెరికా వైద్యుడు డొనాల్ థామసు 1990లో నోబెలు బహుమానమందెను. కాని రక్తమును పుట్టించుట మూలుగలోని కణములకు సహజవృత్తి; ఊపిరితిత్తులను కట్టుట కాదు. సిరలోనికి ఎక్కించిన కణములు మొదట ఊపిరితిత్తులకే చేరుమాట నిజము. అయితే అందు పెక్కు కొలది దినములలోనే నశించును. చేరుట వేరు, నిలిచి పనిచేయుట వేరు. 2013లో వెల్లడియైన అమెరికా పరిశోధనలో 62 మంది రోగులను రెండేండ్లు పరీక్షించిరి. వాడినవి దాతల మూలుగకణములు. వానివలన కీడు కానరాలేదు గాని, శ్వాసశక్తియు పెరుగలేదు. రోగి సొంత కణములు ఇంతకంటె మేలు చేయునని రుజువు కాలేదు.

కావుననే భారత వైద్యపరిశోధనా మండలి 2017 నాటి నియమములలో, కొన్ని రక్తవ్యాధులు మొదలగువానికి దక్క మూలకణములను చికిత్సగా అమ్మరాదనియు, ఇతర వ్యాధులలో పరిశోధనగానే వాడవలెననియు నిర్ణయించినది. మీ యింటికి ఈ మాట వచ్చినచో మూడు ప్రశ్నలడుగుడు. ఈ పరిశోధన సి.టి.ఆర్.ఐ. పట్టికలో నమోదైనదా? నైతికసంఘము అనుమతించినదా? మమ్ము సొమ్మేల అడుగుచున్నారు? పరిశోధనలో చేరిన రోగివద్ద చికిత్సకు సొమ్ము పుచ్చుకొనరాదు.

ఇక చేయదగిన పనులు మన చేతిలోనివే. పొగ మానుట అన్నిటికంటె ముఖ్యము. ఏ వయస్సున మానినను క్షీణత నెమ్మదించును. పీల్చుమందును రోగి సరిగా పీల్చుచున్నాడో లేదో వైద్యుని యెదుటనే చూపించుకొనవలెను. నెమ్మదిగా నడక, శ్వాసవ్యాయామము, ఇన్‌ఫ్లుయెంజా టీకా మేలుచేయును. రక్తమున ప్రాణవాయువు మిక్కిలి తగ్గినదని పరీక్షలో తేలినవారికి ఇంటియందే ఆక్సిజను పెట్టింతురు; దాని దగ్గర దీపముగాని చుట్టగాని వెలిగింపరాదు. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసుపొయ్యి నిచ్చినది వంట సులువగుటకే కాదు, మన ఊపిరి నిలుచుటకును.

ఆశ విడువుడని నేను చెప్పను. పరిశోధన సాగుచునే యున్నది. అంతవరకు నగ పెట్టెలోనే యుండనిండు. చుట్టల పెట్టె మాత్రము ఇల్లు వెడలవలయును.