కాగితం మీద ఇల్లు, కింద గోదాం

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు నిప్పంటుకుంది. కింద నిల్వ పెట్టిన రసాయనాల డ్రమ్ములు తగలబడ్డాయి, మంటలూ పొగా పైకి ఎక్కాయి. పైన కాపురాలున్న వాళ్లలో కనీసం 9 మంది చనిపోయారు. అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "బిల్డింగ్‌కు ఫైర్ సేఫ్టీ ఉందా?" నిజానికి ఇక్కడ అడగాల్సినవి రెండు ప్రశ్నలు. భవనంలో ఎవరుంటారు అన్నది ఒకటి, అందులో ఏం తగలబడుతుంది అన్నది ఇంకొకటి. రెండిటికీ వేర్వేరు వర్గీకరణలున్నాయి. మనం వాటిని ఒకటే అనుకుంటున్నాం.

మొదటిది ఆక్యుపెన్సీ, అంటే భవనాన్ని దేనికి వాడుతున్నారన్న లెక్క. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం భవనాలు 9 గ్రూపులు. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, లాడ్జిలు ఏ గ్రూపు. స్కూళ్లు బి, ఆస్పత్రులు సి, జనం గుమిగూడే హాళ్లు, ప్రార్థనా స్థలాలు డి, ఆఫీసులు ఈ, దుకాణాలు ఎఫ్, ఫ్యాక్టరీలు జి, గోదాములు హెచ్, ప్రమాదకర సరుకుండే కట్టడాలు జే. మెట్లు ఎన్ని, దారి ఎంత వెడల్పు, ఎంత ఎత్తు దాటితే ఏ ఏర్పాటు ఉండాలి అన్నవి ఈ గ్రూపును బట్టే తేలుతాయి.

రెండోది హజార్డ్, అంటే మంట తీవ్రత లెక్క. స్ప్రింక్లర్లు డిజైన్ చేసే ఇంజనీర్లు దీన్ని చూస్తారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని స్థూలంగా మూడు మెట్లు. అమెరికాలో తయారై చాలా దేశాల్లో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రమాణం లెక్క చూద్దాం. తక్కువ ప్రమాదమున్న చోట చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 4.1 లీటర్ల నీళ్లు, 139 చదరపు మీటర్ల మేర పడాలి. మండే ద్రవాలు బాగా ఉన్న చోట 16.3 లీటర్లు, 232 చదరపు మీటర్ల మేర. గుణిస్తే మొదటిదానికి నిమిషానికి 570 లీటర్లు, రెండోదానికి దాదాపు 3,780. ఆరు రెట్లకు పైనే. డ్రమ్ములు పేర్చిన గోదాములకైతే నియమాలు ఇంకా కఠినం.

ఈ రెండు లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. ఆస్పత్రి, ఆఫీసు, ప్రార్థనా స్థలం వేర్వేరు గ్రూపులైనా హజార్డ్ లెక్కలో మూడూ తక్కువ మెట్టులోనే ఉంటాయి. హోటల్లో జనం కూర్చుని తినే చోటు ఒక మెట్టు, వంటగది దానికి పైమెట్టు. 2022లో అదే ప్రమాణం కార్ల పార్కింగ్‌ను ఒక మెట్టు పైకి జరిపింది. పార్కింగ్ మారలేదు, కార్లు మారాయి. వాటిలో ప్లాస్టిక్ పెరిగింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆక్యుపెన్సీ అనేది పర్మిషన్ రోజు కాగితం మీద ఖరారైపోతుంది. హజార్డ్ మాత్రం ట్రాలీ ఆటోలో సరుకు దిగిన ప్రతిసారీ మారుతుంది. పార్కింగ్ అని చూపించిన చోట పరుపులు, థిన్నర్ డబ్బాలు, బ్యాటరీలు చేరితే కాగితం ఇంకా "ఇల్లు" అనే అంటుంది, నిప్పు మాత్రం గోదాం లెక్కనే మండుతుంది. స్ప్రింక్లర్లు ఉన్నా అవి పాత సరుకు లెక్కకు బిగించినవైతే నీళ్లు చాలవు.

మన బస్తీల్లో అసలు స్ప్రింక్లర్లు ఎక్కడివి అంటారా? నిజమే. తెలంగాణలో ఫైర్ శాఖ ఎన్‌వోసీ ప్రధానంగా ఎత్తును బట్టి ఉంటుంది: నివాసాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15. మన నాలుగంతస్తుల ఇళ్లు చాలావరకు దీనికి కిందే ఉంటాయి. ఎత్తు తక్కువని కింద పెట్టిన డ్రమ్ము నెమ్మదిగా మండదు కదా. స్ప్రింక్లర్ లేని చోట సరుకు మీద కన్ను ఇంకా ఎక్కువ ఉండాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ ఏటా రెన్యువల్ అవుతుంది. పైన కాపురాలున్న చోట వ్యాపారం పేరుతో పాటు ఏ సరుకు, ఎంత నిల్వ అన్నది కూడా అందులో రాయించి, ఆ వివరం ఫైర్ శాఖకు పంపితే రెండు లెక్కలూ ఒకచోట కలుస్తాయి.

మనం చేయగలిగిందీ ఉంది. ఇల్లు అద్దెకు చూసేటప్పుడు నీళ్లు, కరెంటు అడిగినట్టే కింద షట్టర్‌లో ఏముందో అడగాలి. "పదేళ్ల నుంచి ఉంది భాయ్, ఏం కాలేదు" అన్నది జవాబు కాదు. మసీదు, దర్గా కమిటీలు మల్గీలు కిరాయికిచ్చేటప్పుడు మండే సరుకు నిల్వ పెట్టొద్దని అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించాలి. మెట్ల కింద సామాను, బండ్లు పెట్టనివ్వొద్దు. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న భవనంలో 8 మంది పిల్లలతో సహా 17 మంది చనిపోయారు. అక్కడ లోపలికీ బయటికీ ఉన్నది ఒక్క ఇరుకు దారే.

ఈ రాత్రి ఇంటికెళ్లేటప్పుడు ఒకసారి మీ మెట్ల కింద, సెల్లార్‌లో లైటేసి చూడండి.